నారింజ చుక్క

సాంగ్లీ
గుఢీ పాడ్వా పండగ వెళ్ళిన మంగళవారం

చి. సౌ. మంజిరీకి,
నీ వదిన కుందా వహినీ అనేక ఆశీర్వాదాలు.

ఉత్తరం చూసి కంగారు పడకు. ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. చేతిలో ఫోను పెట్టుకుని పోస్టాఫీసుకు వెళ్ళి కవరు కొనుక్కొచ్చానని మా ఆయన, అదే మీ దాదా, నవ్వారు. వహినీకి మతి పోయిందని నువ్వూ నవ్వుకో, కాకపోతే మొత్తం చదివాక నవ్వు.

ఈ సంగతి ఫోనులో చెప్పడానికి లేదు. ఇంట్లో మనం గుట్టుగా మాట్లాడుకునేవన్నీ ఆయికి తెలిసిపోతున్నాయి. ఎవరో వింటున్నారు, విని ఆవిడ చెవిన వేస్తున్నారు. ఎవరో నాకు అంతు చిక్కడం లేదు.

మీ అమ్మ వినికిడి సంగతి నీకు నేను చెప్పాలా? శివరాత్రికి ఆ చెవి మిషన్లు పెట్టించాక, ఎదురుగా కూర్చుని నిదానంగా మాట్లాడితే, లేదా ఫోను చెవికి ఆనించుకుంటే వింటున్నారు. అంతే. వీధి వైపు గ్యాలరీ వరండాలో కూర్చున్నారంటే వంటింట్లో కుక్కరు కూత కూడా ఆవిడకు తెలియదు. అలాంటి మనిషికి అన్నీ ఎలా తెలుస్తున్నాయి చెప్పు.

పండగ ముందు మీ దాదా భడంగ్ మరమరాల దుకాణం కట్టేసి వచ్చి, వంటింట్లో నా పక్కన నిలబడి, “ఈ మాత్రలతో గడ్డ కాస్త తగ్గాక జ్యేష్ఠంలోనే ఆపరేషను చేసెయ్యాలట. అమ్మేమో కాలినడకన పండరి యాత్రకు, వారీకి వెళ్తానంటుంది. ఏం చెప్పి ఆపుతాం కుందా?” అన్నారు. మెల్లగానే అన్నారు, పైగా మిక్సీ తిరుగుతోంది. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయి భాకరీ రొట్టె తుంచుకుంటూ, “శ్రీపాదా, ఈ ఏడు పండరికి నడిచే దిండీ బృందంలో నా పేరు ముందే రాయించు. నన్ను ఆపేవాళ్ళు ఎవరూ లేరు కదా?” అన్నారు.

ఇంకొకటి విను. పోయిన వారం మిరజ్ డాక్టరు నాకు ఫోను చేశాడు. ఎత్తాను. ఒక్క ముక్క వినిపించలేదు. ఈ మధ్య ఈ ఫోనుకు ఇదో జబ్బు పట్టుకుంది, స్పీకరు నొక్కితేగానీ అవతలి గొంతు రాదు. నేను హలో హలో అంటూనే ఉన్నాను, ఆయన చెప్పాల్సింది చెప్పేసి పెట్టేశాడు. మళ్ళీ నేనే చేసి కనుక్కున్నాను. ఆ రోజు ఆయి అన్నం ముట్టలేదు. కడుపు ఉబ్బరం అన్నారు.

ఛార్జింగు మధ్యాహ్నానికే అయిపోతోంది. ఫోను పై మూల నారింజ రంగు చుక్క ఒకటి వెలుగుతూ ఉంటోంది. మొబైలు షాపతనికి చూపిస్తే, “బాయీ, ఈ చుక్క ఉందంటే మైకు నడుస్తోందని లెక్క. ఎవరో మీ మాటలు వింటున్నారు” అన్నాడు. అతను ఏదో నొక్కి చుక్క పోగొట్టాడు. మర్నాడు పొద్దున మళ్ళీ వచ్చి కూర్చుంది.

ఈ ఫోను మీ ఆయన సుహాస్‌రావు వాడి నాకు ఇచ్చిందే కదా. ఆయన దగ్గర ఉన్నప్పుడు ఇలా చుక్క వచ్చేదా? ఊరికే అడుగుతున్నాను.

నాకు పక్కింటి లీలా కాకూ మీద అనుమానం. పాలు తోడు పెట్టడానికి గిన్నె పట్టుకుని వస్తుంది, గుమ్మంలో ఎంతసేపు నిలబడుతుందో దేవుడికే తెలియాలి. నువ్వు జవాబు ఇంటికి రాయకు. టపా ముందు గ్యాలరీలో ఆయి ఒళ్ళోనే పడుతుంది. నా నేస్తం శైలా చీరలకు ఫాల్-బీడింగు కుట్టే దుకాణం చిరునామా కింద రాస్తున్నాను, దానికి రాయి.

నీ
కుందా వహినీ

*

నాగపూర్
ఏప్రిల్, భరించలేని ఎండ

ప్రియమైన వహినీకి,
మంజిరీ నమస్కారం.

నీ కవరు చూసి సుహాస్ అన్నాడు, “మీ వహినీ నాకు పెళ్ళి సంబంధం చూస్తోందా ఏంటి, రహస్యంగా ఉత్తరాలు?” అని. ఫోను సంగతి ఆయన్ని అడిగాను. తన దగ్గర ఉన్నన్నాళ్ళూ ఏ చుక్కా లేదట. అన్నీ తుడిచేసి కొత్తదానిలా చేసి ఇచ్చాడట. ఆ షాపువాడు నీ దగ్గర కొత్త ఫోను అమ్ముకుందామని చూస్తున్నాడు, పట్టించుకోకు అన్నాడు.

లీలా కాకూ మీద నాకూ నమ్మకం లేదు. కానీ వహినీ, ఆమెకు అసలు రిపోర్టు సంగతి తెలియాలంటే మనలో ఎవరో ఒకరు నోరు జారి ఉండాలి కదా. నువ్వు గట్టిగా మాట్లాడతావు. తప్పు పట్టడం లేదు, నీ గొంతే అంత. శైలాతో మాట్లాడేటప్పుడు గానీ, కూరగాయలామెతో గానీ ఏమైనా అన్నావేమో ఒకసారి గుర్తు చేసుకో.

నేను అమ్మకు చెప్పొద్దని ఎందుకు పట్టుబట్టానో నీకు తెలుసు. మా నాన్నకు, బాబాకు ఆయన జబ్బు సంగతి చెప్పిన రోజు నుంచి ఆయన మంచం దిగలేదు. డాక్టరు రెండేళ్ళు అన్న మనిషి ఆ చలికాలం కూడా దాటలేదు. జబ్బు కన్నా ముందు ఆ మాటే ఆయన్ని తినేసింది. అమ్మకు అది క్యాన్సరని తెలిస్తే మాత్రలు మానేసి మాల పట్టుకుని పండరి దారి పడుతుంది. దారిలోనే పోతే పుణ్యం అనుకునే మనిషి. అందుకే కొవ్వు గడ్డ అని చెప్పాం. ఆ మాట మీదే నిలబడాలి. ఆపరేషను అయ్యేదాకా అయినా.

నువ్వు మొదటి నుంచీ చెప్పేద్దాం అన్నదానివి. అది నేను మర్చిపోలేదు. అయినా మా మాట మన్నించావు, అందుకు నీకు రుణపడి ఉన్నాను. ఇప్పుడు కూడా ఆ మాట మీదే ఉన్నావు కదా?

ఇక్కడ కూలరు ముందు కూర్చుని రాస్తున్నాను, అయినా చెమటకి సిరా పాకుతోంది. దాదాను ఆరోగ్యం చూసుకోమను.

నీ
మంజిరీ

*

సాంగ్లీ
మే మొదటి ఆదివారం

మా ఆడపడుచు సౌ. మంజిరీ వన్సంకు,
కుందా నమస్కారం.

మీ ఉత్తరం చదివాను. మళ్ళీ చదివాను. “ఇప్పుడు కూడా ఆ మాట మీదే ఉన్నావు కదా” అని అడిగారు చూడండి, అది పప్పులో రాయిలా పంటికి తగిలింది. పెళ్ళై ఈ ఇంటికి వచ్చినప్పుడు మీరు రిబ్బను జడలతో స్కూలుకు వెళ్ళేవారు. ఇన్నేళ్ళకు నా మాట మీద మీకు అనుమానం వచ్చింది. సరే.

నేనూ ఊరికే కూర్చోలేదు. ఫోనులోంచి సిమ్ తీసేసి పసుపు డబ్బా వెనక పెట్టాను. ఇంక ఎవరు వింటారో చూద్దామని. ఫోనును మాత్రం రోజూలాగే వంటింటి అలమారాలో ఉంచాను, వంటల వీడియోలు ముందే దింపి పెట్టుకున్నవి ఉన్నాయి కనుక. మీ దాదా దుకాణంలో ఉన్నారు. లీలా కాకూ ఊళ్ళో లేదు, కూతురి పురిటికి ఇచల్‌కరంజీ వెళ్ళింది. ఇంట్లో నేను, గ్యాలరీలో గోరుచిక్కుడు కాయలు తుంచుతూ ఆయి. నేను ఆ ఫోను ముందు నిలబడి, శైలాతో మాట్లాడుతున్నట్టుగా, “ఆయి రాగి గంగాళం పాత సామాన్లవాడికి ఇచ్చేస్తాను, ఊరికే చోటు తింటోంది” అన్నాను. నోటితో అనడమే తప్ప నాకు అలాంటి ఉద్దేశమే లేదు. అది మీ బాబా చేత్తో కొన్నదని నాకు తెలియదా?

సాయంత్రం స్నానాలగదిలో చూస్తే గంగాళం లేదు. ఆయి మంచం కింద ఉంది, పైన పాత చీర కప్పి. ఎందుకు తీశారని అడిగితే, “చిల్లు పడిందేమో చూద్దామని” అన్నారు.

ఆ రోజు ఆయితో బయటివాళ్ళు మాట్లాడింది ఒక్కసారే. మధ్యాహ్నం ఆవిడ బటన్ల ఫోనుకు మీరు చేశారు. చాలాసేపు మాట్లాడుకున్నారు.

సిమ్ లేకపోయినా వినగలిగే ఏర్పాటు నాలాంటి దానికి అర్థం కాదు. సుహాస్‌రావుకు అర్థమవుతుంది, ఆయన కంప్యూటర్ల మనిషి. ఫోను ఇచ్చేటప్పుడే నేను మీ చెప్పుచేతల్లో ఉన్నానో లేదో చూసుకోవడానికి ఏదైనా పెట్టి ఇచ్చారా? మీ అమ్మను నేను ఎలా చూసుకుంటున్నానో తెలుసుకోవాలంటే వచ్చి చూడండి. దొంగచాటుగా వినే అవసరం లేదు.

ఇంతకన్నా రాయలేను.

కుందా

*

నాగపూర్
మే

సౌ. కుందా వహినీకి,

మీరు రాసింది సుహాస్‌కు చూపించలేదు. చూపిస్తే ఇంక ఆ ఇంటి గడప తొక్కడు.

మీరు అడిగారు కాబట్టి, ఇన్నాళ్ళూ నేను చెప్పకుండా దాచిన మాట ఇప్పుడు రాస్తున్నాను. మీ మొదటి ఉత్తరం రావడానికి ముందే అమ్మ నన్ను ఫోనులో అడిగింది. “మంజీ, ఆపరేషను తర్వాత ఎక్కించే మందుకు జుట్టు మొత్తం ఊడిపోతుందా, మళ్ళీ వస్తుందా?” అని. ఎవరి గురించి అమ్మా అంటే, “మా దిండీలో ఒకావిడకు” అంది. కొవ్వు గడ్డకు జుట్టు ఊడే మందు ఎవరూ ఎక్కించరు. ఆ మందు సంగతి తెలిసింది డాక్టరుకు, మీకు, దాదాకు, నాకు. డాక్టరు అమ్మతో మాట్లాడడు, నేను చెప్పలేదు. దాదా ఆ మాట ఎత్తితేనే వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకుంటాడు. ఇంకెవరు మిగిలారు?

మొదటి నుంచీ చెప్పాలన్నది మీరు. మేము వద్దన్నాం. మీరు మీకు నచ్చినట్టు చేసి, ఇప్పుడు చుక్కలూ గంగాళాలూ అంటూ నామీదకు నెడుతున్నారు. మధ్యాహ్నం అమ్మకు నేను ఫోను చేసింది నిజమే. ఊరగాయలో ఉప్పు గురించి మాట్లాడుకున్నాం.

మా స్కూలుకు సెలవులు ఇవ్వగానే వచ్చి అమ్మను తీసుకెళ్తాను. ఆపరేషను నాగపూర్‌లోనే చేయిస్తాను.

మంజిరీ

*

సాంగ్లీ
బుధవారం

సౌ. వన్సంకు,

తీసుకెళ్ళండి. నేను మీ దాదాకూ అదే చెప్పాను. ఆయన దుకాణానికి వెళ్ళి పొద్దుపోయేదాకా రాలేదు.

కాకపోతే త్వరగా రండి. ఆపరేషను జ్యేష్ఠ పౌర్ణమి వెళ్ళిన వారానికి అన్నాడు డాక్టరు. సరిగ్గా ఆ వారమే దిండీ బయలుదేరుతుంది. ఆయి వెళ్ళి తన పేరు తనే రాయించుకొచ్చారు. వద్దని నేను ఒక్క మాట అన్నాను. “ఎందుకు వద్దు? చెప్పు, వింటాను” అని నా మొహంలోకి చూస్తూ కూర్చున్నారు. నేను ఏం చెప్పను? ఎండలు అన్నాను. “ఎండలు నాకు కొత్తా?” అన్నారు. నాకు ఏడుపొచ్చి లోపలికి వెళ్ళిపోయాను.

నేను చెప్పలేదు మంజిరీ. నీకు నమ్మకం లేకపోతే నేనేం చెయ్యను. మీ దాదా మీద ఒట్టు, నేను చెప్పలేదు.

కుందా

*

నాగపూర్
మే ఆఖరు

ప్రియమైన వహినీకి,
నీ కాళ్ళకు దండం పెట్టి మొదలుపెడుతున్నాను.

నువ్వు చెప్పలేదు. నేను వినలేదు. దాదా, లీలా కాకూ, ఎవరూ చెప్పలేదు. అమ్మే విన్నది. తన చెవులతో తనే విన్నది. వినిపించింది నీ ఫోను.

ఎలా తెలిసిందో చెబుతాను. నిన్న స్కూల్లో ఆఖరి మీటింగు. మా హెడ్‌మిస్ట్రెస్ సుమతీబాయి కూడా రెండు చెవులకూ మిషన్లు పెట్టుకుంటుంది. మీటింగు మధ్యలో ఎవరో పిలిస్తే తన ఫోను బల్ల మీదే వదిలి వరండాలోకి వెళ్ళింది. ఆమె లేదు కదా అని మా ఇంగ్లీషు టీచరు, “ఈవిడ రిటైరయ్యేదాకా మనకు సెలవులు ఉండవు” అని గొణిగింది. తలుపు అవతలి నుంచి సుమతీబాయి గొంతు వచ్చింది, “ఇంకో రెండేళ్ళు ఓపిక పట్టమ్మా” అని. అందరూ నవ్వారు, ఇంగ్లీషు టీచరు తప్ప. నాకు మాత్రం నీ ఫోను గుర్తొచ్చింది.

మీటింగు అయ్యాక ఆమెను పట్టుకుని అడిగాను. ఆ మిషన్లను బ్లూటూత్‌తో ఫోనుకు కలుపుతారట. టీవీ చూసేటప్పుడు ఫోనును టీవీ ముందు పెడితే, అక్కడి చప్పుడు తిన్నగా చెవిలోకి వస్తుందట. కీర్తన జరుగుతుంటే కీర్తనకారుడి ముందు పెట్టొచ్చట. ఫోను మైకు అయిపోతుందన్నమాట. ఆ మైకు నడుస్తున్నంతసేపూ పైన నారింజ చుక్క వెలుగుతుంది, ఛార్జింగు తాగేస్తుంది. ఎవరైనా ఫోను చేస్తే అవతలి గొంతు కూడా ఫోనులో రాదు, ఆ చెవుల్లోకే వెళ్తుంది. వహినీ, ఆ రోజు డాక్టరు ఫోను నీకు ఎందుకు వినిపించలేదో అర్థమైందా?

ఇది తీగ లేని ముడి. రెండు వస్తువులకు ఒకసారి ముడి పడిందంటే ఒకదాన్నొకటి గుర్తు పెట్టుకుంటాయి. దగ్గరికి రాగానే మనల్ని అడక్కుండానే కలుసుకుంటాయి. సిమ్ అక్కర్లేదు, నెట్ అక్కర్లేదు. కానీ ఆ ముడి ఒక ఇంటి మేరకే. రెండు గోడలు దాటితే తెగిపోతుంది. నాగపూర్ నుంచి నేను వినాలనుకున్నా వినలేను. అమ్మకు తెలిసినవన్నీ చూడు, ఇంట్లో నీ ఫోను ఉన్న చోట మాట్లాడినవే. మిరజ్ ఆసుపత్రి వరండాలో మనం ముగ్గురం నిలబడి ఏడ్చిన సంగతి అమ్మకు ఇప్పటికీ తెలియదు.

ఇవాళ చెవి మిషన్ల షాపుకు ఫోను చేసి అడిగాను. అమ్మది బటన్ల ఫోను కాబట్టి, ఆ రోజు వెంట వచ్చిన నీ ఫోనుకే కలిపారట. “కోడలి ఫోనే కదండీ, ఒకే ఇంట్లో ఉంటారు కదా” అంది ఆ షాపావిడ. నిజమే, అందులో తప్పేముంది.

నేను నిన్ను ఎన్ని మాటలన్నానో తలుచుకుంటే సిగ్గుగా ఉంది. జుట్టు సంగతి అమ్మ అడిగిన రోజే నీకు చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. నిన్ను అనుమానించాను కాబట్టే చెప్పలేదు. తిట్టాలనుంటే తిట్టు.

కానీ వహినీ, శివరాత్రి నుంచి ఇప్పటిదాకా ఆ వంటింట్లో మనం ఏమేం మాట్లాడుకున్నాం? కూర్చుని గుర్తు చేసుకుంటున్నాను. నాకు భయంగా ఉంది.

నీ
మంజిరీ

*

సాంగ్లీ
శుక్రవారం

చి. సౌ. మంజిరీకి,
అనేక ఆశీర్వాదాలు.

నిన్ను తిట్టను. నేనూ తక్కువేం అనలేదు. సుహాస్‌రావును అన్న మాటకు ఆయన ముఖం ఎలా చూడాలో తెలియడం లేదు. నువ్వు చూపించలేదు కాబట్టి బతికిపోయాను.

శైలా దుకాణంలోనే నీ ఉత్తరం చదివాను. ఇంటికి వచ్చాను. ఫోను వంటింటి అలమారాలో ఉంది, చుక్క వెలుగుతోంది. ఆయి గ్యాలరీలో నా వైపు వీపు పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నారు. నేను ఫోను దగ్గరికి వంగి, పక్కన ఉన్న మనిషికి కూడా వినబడనంత మెల్లగా, “ఆయీ, టీ పెట్టనా?” అన్నాను.

“పెట్టు. అల్లం వెయ్యి” అన్నారు, వెనక్కి తిరగకుండానే.

తర్వాత ఆవిడ చెయ్యి చేటలో ఆగిపోయింది. నేను గ్యాసు పక్కన నేల మీద కూర్చుండిపోయాను.

మంజిరీ, ఆ ఫోను ముందు నేను ఏమేం అన్నానో నీకైనా చెప్పుకోవాలి. మీ దాదాతో, “ఆవిడకు ఎందుకు చెప్పాలి, తట్టుకునే మనిషి కాదు” అన్నాను. అది మీ మాటే, నా నోట వచ్చింది. కానీ ఇంకొకటి నా సొంతం. ఒకరోజు నడుం పట్టేసి, “ఆపరేషను అయ్యాక ఒళ్ళు తుడవడం, మలమూత్రాలు తియ్యడం అన్నీ నాకే. మీ చెల్లెలు వారం ఉండి వెళ్ళిపోతుంది” అన్నాను. అది కూడా ఆవిడ విన్నారు. విన్న మర్నాడే నా నడుముకు నూనె రాస్తానని కూర్చోబెట్టారు. వద్దన్నా వినలేదు. చాలాసేపు రాశారు. ఆ రోజు నాకు ఏమీ తట్టలేదు, ముసలావిడకు ప్రేమ పొంగిందనుకున్నాను.

కాసేపటికి ఆవిడే లేచి వంటింట్లోకి వచ్చారు. టీ తనే పెట్టారు. ఒక కప్పు నా చేతిలో పెట్టి, “కాగితం, కలం ఇవ్వు. మంజీకి నేనే రాస్తాను. మీరిద్దరూ రాసుకుంటున్నారు కదా శైలా దుకాణం చిరునామాకు” అన్నారు. అది కూడా నేను ఫోను దగ్గర మీ దాదాతో అన్నదే.

ఆవిడ రాసింది ఇందులోనే పెడుతున్నాను. అంటించి ఇచ్చారు. నేను చదవలేదు.

నీ
కుందా వహినీ

*

సాంగ్లీ

మంజీకి,
ఆయి ఆశీస్సులు.

అక్షరాలు వంకరగా ఉంటాయి, కూడబలుక్కుని చదువుకో.

మీ వహినీ నేల మీద కూర్చుని ఏడుస్తోంది. దాని తప్పేం లేదని దానికి చెప్పాను, నీకూ చెబుతున్నాను. నీ తప్పు కూడా ఏం లేదు, నువ్వు తొందరపడి మాటలు విసురుతావు, మీ బాబా పోలిక. తప్పు ఎవరిదని మీరు వెతుక్కోవద్దు. నేను విన్నాను, అంతే.

మొదట టీవీలో హరికీర్తన కోసమే ఆ ఫోను పెట్టుకున్నాను. షాపావిడ నేర్పింది, పక్కన బటను మూడుసార్లు నొక్కితే చెవి బొమ్మ వస్తుంది, దాన్ని నొక్కడమే. కీర్తన అయ్యాక కుందా ఫోనును వంటింట్లోకి తీసుకెళ్ళింది. నేను గ్యాలరీలోకి వచ్చాను. చెవిలో ఆవాలు చిటపటలాడాయి మంజీ. దాని గాజులు, భాకరీ తట్టే చప్పుడు, అది తనలో తాను పాడుకునే పాట. ఎన్నేళ్ళయిందో అవి విని. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ తర్వాత రోజూ పొద్దున్నే ఇవాళ తిథి ఏమిటో చూస్తానని ఫోను అడిగి తీసుకుని, నొక్కి ఇచ్చేదాన్ని. దాన్ని దొంగతనం అంటారా, అనండి.

అప్పుడే మీ దాదా వచ్చి అది ఏ గడ్డో చెప్పాడు. నాకు కాదు, కుందాకు. డాక్టరు కుందాకు చెప్పాల్సిందేమో తిన్నగా నా చెవిలో చెప్పాడు. అది పాపం హలో హలో అంటోంది, నేను ఇక్కడ మొత్తం వింటున్నాను.

అడిగేద్దామని చాలాసార్లు అనుకున్నాను. కొవ్వు గడ్డ అని మీరు చెప్పినప్పుడు నేను తల ఊపితే, మీ ముగ్గురి మొహాలూ ఎంత తేలికపడ్డాయో మీకు తెలియదు. నాకు కనిపించింది. పిల్లలు అంత సంతోషపడుతుంటే ఎలా కాదనను. వారీ పేరు పెట్టి మీ చేత చెప్పిద్దామని చూశాను. మీరు ఎండలన్నారు.

పోయిన సోమవారం భజనకని చెప్పి సిటీబస్సెక్కి మిరజ్ వెళ్ళాను. కుందా చీరల కింద దాచిన ఫైలు తీసుకెళ్ళాను. డాక్టరు నన్ను చూసి, “ఆజీ, పేషెంటు తాలూకు వాళ్ళెవరైనా వచ్చారా? వాళ్ళతో మాట్లాడతాను” అన్నాడు. “పేషెంటును నేనే, తాలూకును నేనే. నాతోనే మాట్లాడు బాబూ” అన్నాను. తర్వాత బాగానే చెప్పాడు, బొమ్మ గీసి మరీ చెప్పాడు. వారీకి వెళ్ళొచ్చాక చేయించుకుంటే ఏమవుతుందని అడిగాను. ఆలస్యం చేస్తే తను మాట ఇవ్వలేనన్నాడు. సరే, అలాగైతే నీ తేదీకి వస్తానని చెప్పి, కాగితం మీద నేనే సంతకం పెట్టి వచ్చాను. దిండీలో పేరు కొట్టేయించాను. మీ బాబా భయపడి మంచం పట్టారు, నిజమే. నేను మీ బాబాను కాదు. విఠోబా ఇటుక మీద నిలబడి ఎదురుచూడడం అలవాటైనవాడే, ఇంకో ఏడాది చూస్తాడు.

నువ్వు నన్ను నాగపూర్ తీసుకెళ్ళొద్దు. నా ఆపరేషను ఇక్కడే. నువ్వే రా. ఒళ్ళు తుడిచే పని సగం నువ్వు చెయ్యి, కుందాకు నడుం నొప్పి.

ఒక మాట మాత్రం మీ ముగ్గురికీ చెబుతున్నాను. ఆ రోజు మీ దాదా గ్యాసు పొయ్యి దగ్గర ఏడ్చాడు. గట్టిగా కాదు, మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకుని. చిన్నప్పుడు జ్వరం వస్తే అలాగే ఏడ్చేవాడు. నాకు చెవిలో వినిపిస్తోంది, నా పక్కనే కూర్చుని ఏడుస్తున్నట్టు. లేచి వెళ్ళి తల నిమరాలి. వెళ్తే నాకు తెలుసని వాడికి తెలిసిపోతుంది. చేటలో చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాను. జబ్బు సంగతి విన్నప్పుడు కూడా నాకు అంత కష్టం అనిపించలేదు.

అందుకని, వచ్చాక ఏడవాలనిపిస్తే నా దగ్గరికి వచ్చి ఏడువు. వంటింట్లో వద్దు.

ఆయి